పాత ఫియట్ టాప్ కోయించి ఓపెన్ కారుగా మార్చుకోవచ్చా?

పానగల్లు_పద్మిని:
నల్లగొండలో మా ఇంటి ముందు 1986 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. ఇంజను బాగానే ఉంది గానీ టాప్ అంచులన్నీ తుప్పు పట్టాయి. కొత్త రేకు వేయించే బదులు టాప్ మొత్తం కోయించి, మడిచే కాన్వాసు కప్పు పెట్టించాలని అనుకుంటున్నాను. మారుతీ జిప్సీ జీపే కంపెనీ నుంచి కాన్వాసు టాపుతో వచ్చినప్పుడు దీనికి అభ్యంతరం ఏమిటి?

మిర్యాలగూడ_వెల్డింగ్:
జిప్సీకి కింద చాసిస్, అంటే ఇనుప చట్రం, వేరుగా ఉంటుంది కాబట్టి పైన రేకు ఉన్నా, గుడ్డ ఉన్నా బరువు మోసేది ఆ చాసిసే. పద్మినికి అటువంటిది లేదు. నేల, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె భాగాలు, పిల్లర్లు, టాప్ అన్నీ కలిసి ఒక్కటిగా బరువు మోస్తాయి. టాప్ తీసేస్తే బండి నడుము కుంగి తలుపులు పట్టేస్తాయి. కోయక ముందే తలుపుల సందుల్లో పైపులు అడ్డంగా వెల్డింగ్ చేసి, కింది పెట్టెలను మందపాటి రేకుతో బలపరచి, అడుగున ఎక్స్ ఆకారంలో ఇనుము బిగించాలి. జర్మనీలో 1949 నుంచి కార్మన్ సంస్థ కట్టిన ఓపెన్ బీటిల్ కార్లు ఇటువంటి బలం చేర్చినందువల్లే మామూలు బీటిల్ కన్నా బరువెక్కాయి.

పానగల్లు_పద్మిని:
తలుపులు పట్టేస్తే వాటిని వెల్డింగ్ చేయించి మూసేస్తాను. పైనుంచి ఎక్కుతాం.

జడ్చర్ల_చౌరస్తా:
మే నెల ఎండలో ఎక్కి చూడండి, మీరే దిగుతారు.

పాలమూరు_ఆర్సీ:
తలుపుల సంగతి తరువాత, ముందు కాగితాల సంగతి చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆర్సీలో ఎక్కించని గ్యాస్ కిట్టు కారణంగా మా బావ గారికి బీమా సొమ్ము రాలేదు. ఆ బాధ నేను కళ్లారా చూశాను.

పానగల్లు_పద్మిని:
గ్యాస్ కిట్టుకూ టాపుకూ సంబంధం ఏమిటండీ? జరిమానా పడితే కడతాను. ఇక ఎండ మాటంటారా, బరాత్‌లు జరిగేది రాత్రి పూటే కదా.

మిర్యాలగూడ_వెల్డింగ్:
బరాత్‌లా? ఇప్పటిదాకా సొంతానికే అనుకున్నాను.

పానగల్లు_పద్మిని:
సొంతానికీ వాడతాను, ముహూర్తాల్లో అద్దెకూ ఇస్తాను. మన జిల్లాలో తిరిగే ఓపెన్ కార్లన్నీ కాగితాలతోనే తిరుగుతున్నాయా? మీకు పని దక్కడం లేదని ఇంత పెద్ద పాఠం చెబుతున్నారు.

మిర్యాలగూడ_వెల్డింగ్:
దక్కడం లేదన్నది నిజమే. బలం చేర్చకుండా కోసిమ్మంటే నేను ఒప్పుకోను, పక్క షెడ్డులో సగం ధరకు కోసిస్తారు. కానీ మీరొక్కరే నడుపుకుంటే ప్రమాదం మీది. బరాత్‌లో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వెనక సీటు పైభాగంలో కూర్చుంటారు, డిక్కీ మీద పిల్లలు ఎక్కుతారు, డ్రైవరు బ్రేకు తొక్కితే వారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కుంగిన నడుము మీద ఆ బరువంతా పడుతుంది. మొదటి నుంచీ నా అభ్యంతరం ఇదే. తలుపుల మాట పట్టుకుని మనం అనవసరంగా వాదించుకున్నాం.

పాలమూరు_ఆర్సీ:
తెల్ల నంబరు ప్లేటు బండిని అద్దెకు తిప్పడం మరో నేరం. మీకు గాలే కావాలంటే, 1957లో ఫియట్ 500 కారుకు పెట్టినట్టు అంచు పట్టీలను ఉంచి నడుమ మాత్రం గుడ్డ వేయించడం కొంత మేలు. అయితే దానికీ ముందుగా రవాణా శాఖ అనుమతి అడగవలసిందే.

పానగల్లు_పద్మిని:
అంచులుంటే పెళ్లికొడుకు కనిపించడు. అటువంటి బండిని ఎవరు అద్దెకు తీసుకుంటారు?

మిర్యాలగూడ_వెల్డింగ్:
అద్దె ఆలోచన మానుకుంటే షెడ్డుకు తీసుకురండి, టాపుకు కొత్త రేకు నేనే వేసిస్తాను.