నేను గీసిన బొంత డిజైన్‌ని కాపీ కొడితే ఏం చేయాలి?

ప్రశ్న: మాది తిరుపతి. పాత చీరల ముక్కలతో బొంతలు కుట్టి అమ్ముతాను. నెమళ్లు, కోనేటి మెట్లు కలిపి నేనే కాగితం మీద గీసుకున్న డిజైన్ ఒకటుంది, ఇప్పుడు ఒక షాపువాళ్లు అచ్చం అదే మిషన్ మీద కుట్టించి సగం ధరకి అమ్ముతున్నారు. చాలా బాధగా ఉంది. చట్టంలో దారి ఉందా? ఇంకోటి కొత్తగా గీశాను, దాన్నైనా కాపాడుకోవాలి.

జవాబు 1: అక్కా, మీరు సొంతంగా గీసిన బొమ్మకి కాపీరైట్ గీసినప్పుడే వస్తుంది, రిజిస్టర్ చేయకపోయినా. కానీ 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది: రిజిస్టర్ చేయదగ్గ డిజైన్‌ని రిజిస్టర్ చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో మీరే 50కి మించి తయారుచేస్తే ఆ హక్కు పోతుంది. అందుకే కొత్తదానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రక్షణ 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు ఉంటుంది. దరఖాస్తు పెట్టేదాకా డిజైన్ ఫొటో ఇన్‌స్టాలో, స్టేటస్‌లో అస్సలు పెట్టొద్దు, ముందే బయటపడితే రిజిస్ట్రేషన్ నిలవదు.

జవాబు 2: శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకిచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది కదా, అలాంటిది పనికిరాదా?

జవాబు 3: రాదండీ. జీఐ కాపాడేది ఆ ప్రాంతం పేరుని. మిల్లు ప్రింట్ గుడ్డని శ్రీకాళహస్తి కలంకారీ అని అమ్మితే అడ్డుకోవచ్చు, కానీ ఒకరు కొత్తగా గీసిన బొమ్మని పక్కింటి కళాకారుడు గీస్తే జీఐ ఏం చేయదు. ఇంకో మాట, చదరాలు, త్రికోణాలు అందరివీ, మీ హక్కల్లా మీ అమరికకే. తేదీలున్న స్కెచ్‌లు, బిల్లులు భద్రంగా పెట్టుకుని ముందు లాయర్ చేత ఆ షాపుకి నోటీసు పంపించండి.