కౌన్సిల్ బ్లాకులో కిటికీల మార్పిడి: లీజ్‌హోల్డర్‌గా అభిప్రాయం ఎలా రాయాలి?

నమస్కారం. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ బ్లాకుల్లో, అంటే స్థానిక ప్రభుత్వ సంస్థకు చెందిన ఫ్లాట్ల భవనాల్లో, లీజ్‌హోల్డర్లుగా (ఫ్లాటును దీర్ఘకాలిక లీజుపై కొనుక్కున్నవారిగా) ఉంటున్న తెలుగువారి సలహా కోరుతున్నాను. ఒకప్పటి కౌన్సిల్ అద్దెదారు సొంతం చేసుకున్న ఫ్లాటును మేము ఆయన దగ్గర నుంచి నాలుగేళ్ల క్రితం కొన్నాము. ఇప్పుడు బ్లాకు మొత్తానికి పైకప్పు బాగుచేసి, కిటికీలన్నీ మారుస్తామని కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది.

ఖర్చులో ఒక్కో లీజ్‌హోల్డరు కట్టాల్సిన వాటా 250 పౌండ్లు దాటే పనులకు, 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం ముందుగా మమ్మల్ని సంప్రదించాలనీ, నోటీసుపై అభిప్రాయం తెలపడానికి 30 రోజుల గడువు ఉంటుందనీ తెలుసుకున్నాను. పైకప్పు విషయంలో నాకు అభ్యంతరం లేదు. వర్షం పడితే మెట్ల దగ్గర నీరు కారడం రోజూ చూస్తున్నదే. కిటికీలే సమస్య. పాత యజమాని కౌన్సిల్ అనుమతితో వేయించిన డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దాల కిటికీలు) ఇంకా గట్టిగా ఉంది. అయితే పై అంతస్తులో అద్దెకుంటున్న పెద్దావిడ పడకగదిలో కిటికీ చుట్టూ బూజు పడుతోంది కాబట్టి, నా ఉత్తరం వల్ల ఆమె ఇంటి పని ఆలస్యం కాకూడదని నా పట్టుదల.

మా ఫ్లాటు కిటికీలను మాత్రమే మినహాయించమని ఎవరైనా అడిగి సాధించారా? అందుకు సర్వేయరు నివేదిక జతచేయాలా, లేక ఫొటోలు, పాత అనుమతి పత్రం సరిపోతాయా? బిల్లు వచ్చాక వాయిదాల గురించి ఎప్పుడు అడగడం మంచిది? గడువుకు ఇంకా 18 రోజులే ఉన్నాయి.