జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ కుటుంబాల సంపదను అంచనా వేయడం ఎలా?

నమస్కారం. హైదరాబాదులో సంపన్నుల నివాసాలుగా పేరున్న జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ కుటుంబాల ఆస్తులను, వయోవర్గాలను, కుటుంబ పరిమాణాన్ని అధ్యయనం చేస్తున్నాను. ఇటువంటి గణాంకాలతో పనిచేసినవారి సలహా నాకు ఎంతో అవసరం.

2011 జనాభా లెక్కలలో కారు, కంప్యూటరు వంటివి ఉన్న ఇళ్ల వివరాలు వార్డులవారీగా ఉన్నాయి కానీ, అందులో ఆదాయాన్ని అడగలేదు. 2019లో జరిగిన అఖిల భారత రుణ, పెట్టుబడుల సర్వే ఆస్తుల విలువను నేరుగానే అడిగింది. అయితే దాని నమూనా ఒక కాలనీ గురించి చెప్పగలిగినంత పెద్దది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని సంపద సూచిక ఇంట్లోని వస్తువులు, వసతుల ఆధారంగా లెక్కించేది కనుక, లక్షాధికారినీ కోటీశ్వరుడినీ ఒకే మెట్టుపై నిలబెడుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది సరిహద్దుల సమస్య. జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలో యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్ వంటి సామాన్యుల బస్తీలు ఉండగా, పెద్ద బంగళాలున్న ప్రాంతంలో అధిక భాగం ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి వస్తుంది. పైగా బంగళా ఆవరణలోనే వేరుగా వండుకుని ఉండే వాచ్‌మన్ కుటుంబాన్ని జనాభా లెక్కలు ప్రత్యేక కుటుంబంగానే పరిగణిస్తాయి. ఆ శ్రామికులను సగటులో కలిపి మరుగుపరచడం నాకు న్యాయంగా తోచదు.

వీరిని విడిగా చూపేందుకు ఏ పద్ధతి అనుసరించాలి? ఆస్తిపన్ను వివరాలనో, రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే మార్కెట్ విలువలనో సంపదకు కొలమానంగా వాడినవారు ఉంటే, అవి వాస్తవ ధరలకు ఎంత దగ్గరగా ఉన్నాయో దయచేసి తెలియజేయగలరా?