సేవాసంస్థలకి వర్చువల్ ప్రపంచంలో సొంత స్థలం కావాలా? దానికి గ్రాంటు ఇవ్వొచ్చా?

గోరింట:
ఒక చిన్న సేవాసంస్థ ఏడాదికి గ్రాంటు అడుగుతోంది అనుకుందాం. సెకండ్ లైఫ్ (జనం అవతార్లు అనే బొమ్మ రూపాల్లో తిరిగే ఆన్‌లైన్ ప్రపంచం) లాంటి చోట ఒక రీజియన్, అంటే ఒక స్థలం ముక్క, అద్దెకి తీసుకుని, ప్రదర్శనశాల కట్టి, సభలు పెట్టి, విరాళాలు సేకరిస్తామంటోంది. నిధులిచ్చే వాళ్ళు ఔననాలా, కాదనాలా? కారణాలతో చెప్పండి.

తూకంరాయి:
కాదనాలి. ఐరోపా కమిషన్ సహాయ విభాగం 2022లో 3,87,000 యూరోలు పెట్టి సొంత మెటావర్స్, అంటే ఇలాంటి వర్చువల్ ప్రపంచమే, కట్టించి, నవంబరులో ప్రారంభోత్సవం చేసింది. వచ్చింది అరడజను మంది. చెరువు నిండితే కప్పలు చేరతాయంటారు, సరే. ఇక్కడ తవ్వారే గానీ నీళ్ళేవి?

డబ్బు ఎక్కడ వచ్చిందో కూడా చూడండి. 2009లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో పాండారెన్ మాంక్ అనే బుల్లి పెంపుడు బొమ్మని 10 డాలర్లకి అమ్మి, సగం మేక్-ఎ-విష్ అనే పిల్లల సేవాసంస్థకి ఇచ్చారు. 11 లక్షల డాలర్లు చేరాయి. 2022లో ఫోర్ట్‌నైట్ అనే మరో ఆట రెండు వారాల రాబడిని ఉక్రెయిన్ సాయానికి ఇస్తే 14.4 కోట్ల డాలర్లు అయ్యాయి, యునిసెఫ్, ప్రపంచ ఆహార కార్యక్రమం లాంటి వాటికి వెళ్ళాయి. ఆ సంస్థలు అందులో ఒక్క గోడ కూడా కట్టలేదు.

నీటిబొట్టు:
తూకంరాయి గారూ, ఆ రెండూ కంపెనీల నిర్ణయాలండీ. పదిమంది పనిచేసే సంస్థ వెళ్ళి తలుపు తడితే ఫోర్ట్‌నైట్ వాళ్ళు తీస్తారా? చిన్నవాళ్ళకి పనికొచ్చే ఉదాహరణ అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్ళ రిలే ఫర్ లైఫ్ అనే విరాళాల కార్యక్రమం. సెకండ్ లైఫ్‌లో 2005 నుంచి ఏటా నడుస్తోంది. అక్కడ బట్టలు, ఇళ్ళు, సామాను తయారుచేసి అమ్ముకునేవాళ్ళే జట్లుగా చేరి, తమ సరుకులో కొంత విరాళం కోసం కేటాయిస్తారు. సంస్థకి కావలసింది స్థలం కన్నా ముందు అలాంటి జనం.

కట్టడమే తప్పని కూడా అనలేం. పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ 2020 మార్చి 12న మైన్‌క్రాఫ్ట్‌లో (ఘనాలు పేర్చి కట్టుకునే ఆట) తెరిచిన అన్‌సెన్సార్డ్ లైబ్రరీ ఉంది కదా. ఈజిప్టు, మెక్సికో, రష్యా, సౌదీ, వియత్నాం పాత్రికేయుల రచనలు అందులో ఆటలోని పుస్తకాలుగా ఉన్నాయి. మ్యాప్‌ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సర్వర్ మూసేసినా కాపీలు తిరుగుతూనే ఉంటాయి. అక్కడ కట్టడమే పని, ప్రచారం కాదు.

జమాఖర్చు:
అసలు చిక్కు లెక్కల్లో ఉంది. ఒక్కొక్కటే చెప్తాను.

సెకండ్ లైఫ్‌లో డాలరుకి సుమారు 250 లిండెన్ డాలర్లు, అంటే అక్కడి సొంత డబ్బు. ఒకరు 500 ఇస్తే చేతికొచ్చేది రెండు డాలర్లు, అందులోంచి మారకం రుసుము, బయటికి తీసే రుసుము పోతాయి. అందుకే రోజూ కాకుండా నెలకోసారి మార్చుకోవాలి. ఆ డబ్బు సంస్థ బ్యాంకు ఖాతాలో నేరుగా పడదు, ఎవరో ఒకరి అవతార్ ఖాతాలో పడుతుంది. అక్కడ విరాళాలకి పెట్టే హుండీ పెట్టె ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ళదే. వలంటీరు పేరున పెడితే, ఆ మనిషి మానేసిన రోజున హుండీతో పాటు నిల్వా వెళ్ళిపోతుంది. సంస్థ పేరున వేరే ఖాతా తెరిచి, పాస్‌వర్డూ, దానికి కట్టిన ఈమెయిలూ ఇద్దరి దగ్గర ఉంచాలి.

హుండీని నడిపే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) ‘మీ ఖాతా నుంచి డబ్బు తీసుకునే అనుమతి’ అడిగితే ఇవ్వొద్దు. డబ్బు తీసుకోవడానికి ఆ అనుమతితో పనే లేదు. తిరిగి ఇవ్వడానికో, పంచడానికో మాత్రమే అది కావాలి. ఎక్కడో ఉచితంగా దొరికిన స్క్రిప్టుకి ఆ అనుమతి ఇచ్చారంటే ఖాతా మొత్తం ఖాళీ కావచ్చు.

ఇక రసీదు. ఇచ్చినవాళ్ళ అవతార్ పేరే కనబడుతుంది, అసలు పేరు తెలీదు. పన్ను రాయితీ కావలసినవాళ్ళని హుండీ పక్కనే ఉన్న బోర్డు నొక్కించి సంస్థ వెబ్‌సైటుకి పంపాలి. పెద్ద మొత్తాలు అక్కడే వస్తాయి.

తూకంరాయి:
అద్దె మాట మర్చిపోయారు. సెకండ్ లైఫ్‌లో అప్పట్లో నెలకి 295 డాలర్ల రీజియన్ విద్యాసంస్థలకి, లాభాపేక్షలేని సంస్థలకి సగం ధరకే వచ్చేది. ఆ రాయితీ తీసేస్తున్నామని 2010 అక్టోబరులో ప్రకటించి, 2011 జనవరి నుంచి అమల్లో పెట్టారు. మళ్ళీ ఇచ్చింది 2013లో. ఆ రెండేళ్ళ బడ్జెట్ ఎవరు సర్దాలి? ఇలాంటి వేరే వర్చువల్ ప్రపంచాల సంగతీ చూడండి. గూగుల్ లైవ్లీ 2008లోనే పుట్టి అదే ఏడాది పోయింది. ఆల్ట్‌స్పేస్ 2023 మార్చిలో మూసేశారు. మోజిల్లా తన హబ్స్ సర్వర్లని 2024 మేలో ఆపేసింది. మూడేళ్ళ గ్రాంటుకి ఇది ఏం పునాది?

మడతకుర్చీ:
నా లెక్కలో కొలవాల్సింది విరాళాలు కాదు. ఇల్లు కదల్లేని వాళ్ళకి, వినికిడి లేని వాళ్ళకి సెకండ్ లైఫ్‌లో వర్చువల్ ఎబిలిటీ బృందం చేసే పని చూడండి. వాళ్ళకది కాలక్షేపం కాదు, నలుగురిలోకి రావడం.

సభ పెట్టేవాళ్ళకి రెండు మాటలు. రీజియన్‌లో ఎంతమంది పడతారన్నదానికి హద్దు ఉంది, నిండుతున్నకొద్దీ కదలికలు మొరాయిస్తాయి. పెద్ద సభయితే వేదికని నాలుగు రీజియన్లు కలిసే మూలలో కడతారు. జనం నాలుగు వైపులా కూర్చుంటే బరువు నాలుగు సర్వర్లకి పంచుకుపోతుంది. మాట్లాడేదంతా ఒకరు చాట్‌లో టైపు చేస్తూ ఉండాలి. లేకపోతే వినబడనివాళ్ళే కాదు, సౌండు పనిచేయనివాళ్ళూ ముఖం తిప్పుకుంటారు. కొత్తవాళ్ళని గంట ముందే పిలిచి నడక, కూర్చోవడం, కెమెరా తిప్పడం నేర్పండి. సభ మొదలయ్యాక నేర్పబోతే సగంమంది గోడలకి గుద్దుకుంటూనే ఉంటారు, పాపం.

గోరింట:
అంటే స్థలానికి కాకుండా పనికి ఇవ్వాలంటారు. మరి షరతులు ఎలా రాయాలి?

జమాఖర్చు:
ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం, మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మొజాంగ్ కలిసి 2012లో మొదలుపెట్టిన బ్లాక్ బై బ్లాక్ పద్ధతి చూసి రాయండి. ఒక బహిరంగ స్థలాన్ని మైన్‌క్రాఫ్ట్‌లో ముందే నమూనాగా కట్టి ఉంచుతారు. ఘనం ఒకటికి మీటరు లెక్క. అక్కడుండే జనం కంప్యూటరుకి ఇద్దరు ముగ్గురు చొప్పున కూర్చుని తమకి కావలసిన దీపాలు, బెంచీలు, దారులు పెడతారు. చివర్లో అధికారుల ముందు చూపిస్తారు. ఆ తర్వాత నిజంగా కట్టడానికి డబ్బు ఉండాలి. అది చూసుకోకుండా జనాన్ని కూర్చోబెడితే ఉత్త ఆశే మిగులుతుంది.

అడిగిన సంస్థకైతే మొదటి విడత మూడు నెలలకే ఇవ్వండి. ఆ మూడు నెలలు సొంత రీజియన్ వద్దు, ఇప్పటికే జనం ఉన్న మరో బృందం స్థలంలో నాలుగు సభలు పెట్టమనండి. రెండోసారి వచ్చినవాళ్ళు ఎందరో లెక్కపెట్టమనండి, ఒక్కసారి తొంగిచూసి పోయినవాళ్ళని కాదు. రెండో విడతకి ముందు ఒక్క పరీక్ష: కట్టినదాన్ని బయటికి తీసి చూపించాలి. సెకండ్ లైఫ్‌లో కొన్న సామాను ఎగుమతి కాదు, తామే తయారుచేసినవే అవుతాయి. సెకండ్ లైఫ్ లాంటిదే, ఎవరి సర్వర్‌లోనైనా నడుపుకోగల ఓపెన్‌సిమ్‌లో రీజియన్ మొత్తాన్ని ఓఏఆర్ ఫైలుగా దాచుకోవచ్చు. ఆ ఫైలుని మరో సర్వర్‌లో తెరిచి చూపించాకే చెక్కు రాయండి.

తూకంరాయి:
మూడు నెలల మాటకైతే అభ్యంతరం లేదు. రీజియన్ అద్దె మాత్రం రెండో విడతలో కూడా వద్దనే అంటాను.