స్థానబలిమి అంటే నీళ్లేనా?

"నీళ్లలోన మీను నిగిడి దూరము పారు, బైట మూరెడైన పారలేదు, స్థానబలిమి గాని తన బలిమి గాదయా" అన్న వేమన పద్యం మీద గుంటూరు నుంచి ఒకాయన అడిగినదానికి ఇది జవాబు. స్థానబలిమి అంటే కుర్చీ బలమే కదా అన్నారు. వాడుక అదేలెండి, బదిలీ అయిన ఆఫీసర్ని చూసి అందరం అనేదే. కానీ పద్యంలో కుర్చీ లేదు, చేప ఉంది.

మామూలుగా స్థానమంటే నీరు అని అర్థం చెప్పి వదిలేస్తారు. నాకది చాలదు. చైనాలో యాంగ్జీ నదిలో తెడ్డులాంటి పొడుగు ముక్కున్న చేప ఒకటుండేది, మూడు మీటర్లు దాటి పెరిగేది, దిగువన సముద్రపు మొగ దాకా తిరిగినా గుడ్లు పెట్టడానికి మాత్రం ఎగువకి ఎదురెక్కాల్సిందే. అసలే వేట ఎక్కువ, దానికి తోడు 1981లో గెజౌబా డ్యామ్ నదికి అడ్డం పడింది, చేపలు ఎక్కడానికి దారి కూడా వదల్లేదు. 2003లో యిబిన్ దగ్గర వలలో ఒక ఆడచేప పడితే దానికి ట్రాన్స్‌మిటర్ కట్టి వదిలారు, సిగ్నల్ కాస్తా పోయింది. మళ్లీ ప్రాణంతో ఒక్కటీ కనపడలేదు. 2022లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిన జాతుల్లో చేర్చింది.

మరి యాంగ్జీ ఏమన్నా ఎండిందా? నిండా నీళ్లే. పద్యంలో చేపలా మూరెడు బయటికి రాకుండానే పోయింది. కాబట్టి స్థానమంటే నీరొక్కటే కాదు, గుడ్లు పెట్టే చోటూ, అక్కడికి పోయే దారీ కలిపి. తెలుగులో దానికి దగ్గరి మాట ‘పట్టు’ అనుకుంటాను, ఆయువుపట్టులో ఉన్న పట్టు.

పులస సంగతేమిటని ఇంకొకరు అడిగారు. దాని పేరే దారిని బట్టి కదండీ! సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, గోదారి ఎదురెక్కితేనే పులస. మన బెజవాడలో 1855 నుంచీ కృష్ణకి అడ్డం ఆనకట్ట, 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ. ఇక్కడ ఇలసకి పులస అయ్యే వీలెక్కడిది?

చివరి ప్రశ్న, ‘పారు’ చేపకెలా కుదిరిందని. ఇప్పుడు నీళ్లకే వాడుతున్నాం గానీ దానికి పరుగెత్తడమనే అర్థమూ ఉంది, పారిపోవడంలో ఇంకా మిగిలే ఉంది. ‘నిగిడి’ అంటే సాగి, చాచుకుని. ఒళ్లు సాచి దూరం దూసుకుపోతుందని.