పాత టీవీ బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

అన్నలూ, మాది నల్గొండ. 2016లో కొన్న 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. మొన్న ఉరుముల వాన పడ్డ రాత్రి నుంచి మాటలు వినబడుతున్నాయి గానీ బొమ్మ లేదు. సీరియల్ పోయిందని అమ్మ ఒకటే గోల. మెకానిక్ 2,500 అడుగుతున్నాడు. సోఫా నుంచి గోడకు ఎనిమిది అడుగులు. ఏం చేయమంటారు?

దేవరకొండ నుంచి: తమ్మీ, ముందు గదిలో లైట్లు ఆర్పి, టీవీ ఆన్‌లో ఉండగానే తెరకు దగ్గరగా సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూడు. లోపల బొమ్మ మసకగా కదులుతుంటే ప్యానెల్, అంటే బొమ్మ చూపే తెర, బతికే ఉన్నట్టు, పోయింది దాని వెనక వెలుగిచ్చే బ్యాక్‌లైటే. మాదీ అంతే, ఆ లైటు పట్టీలు మార్పిస్తే ఇంకో రెండేళ్లు నడిచింది. ప్యానెలే పోతే మాత్రం దాని మీద రూపాయి పెట్టకు.

మిర్యాలగూడ నుంచి: కొనేదే అయితే ఆ దూరానికి 50 గానీ 55 గానీ తీసుకో. 32 దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బేరం ఆడేటప్పుడు గుర్తుంచుకో. షాపులో తళతళలు చూసి పడిపోకు, అక్కడ వెలుగు, రంగులు ఫుల్లుగా పెట్టేస్తారు. ఇంకోటి, మీది మామూలు ఎస్‌డీ (తక్కువ క్లారిటీ) ఛానళ్ల ప్యాకే అయితే పెద్ద 4కే తెర మీద మొహాలు అలికినట్టు కనిపిస్తాయి, తర్వాత నన్ను తిట్టకు.

అడిగినవాణ్ణే: టార్చి పెట్టి చూశాను అన్నా, వార్తలు చదివే ఆమె నీడలాగా కనబడింది! పట్టీలు మార్పిస్తున్నా. అమ్మ మాత్రం ఇప్పుడు పెద్దదే కావాలంటోంది.