క్వాడ్రంట్‌ని ‘పాదం’ అని ఎందుకంటారు?

ప్రశ్న: మా బాబు ద్వారకానగర్‌లో ఇంటర్ ఫస్టియర్, ఇంగ్లీష్ మీడియం. నా పాత లెక్కల పుస్తకం తిరగేస్తూ ‘తీటా రెండో పాదంలో ఉంది’ అన్న వాక్యం చూసి ఒకటే నవ్వు. క్వాడ్రంట్‌కి కాలేమిటి అంటాడు. ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

జవాబు: ఇక్కడ పాదమంటే కాలు కాదండీ, నాలుగోవంతు. పద్యానికి నాలుగు పాదాలు, నక్షత్రానికీ నాలుగే, అందుకే 27 నక్షత్రాలకి 108. పావుకిలోలోని పావు కూడా దీని వారసుడే. 360 డిగ్రీల చక్రంలో పాదమంటే 90, అదే క్వాడ్రంట్.

అసలు రుచి సూర్యసిద్ధాంతమనే మన పాత ఖగోళ గ్రంథంలో ఉంది. బేసి పాదమైతే ‘గతం’, అంటే ఆ పాదంలో నడిచొచ్చినంత కోణానికి భుజజ్య కట్టమంటుంది. సరి పాదమైతే ‘గమ్యం’, ఇంకా నడవాల్సినంత. కోటిజ్యకి ఇదే తిరగేసి. (భుజజ్యని వ్యాసార్ధంతో భాగిస్తే మన సైన్, కోటిజ్యనైతే కాస్.) 150 తీసుకోండి: రెండో పాదం, 180కి ఇంకా 30 ఉంది, సైన్ సగం. 210 అయితే మూడో పాదం, 180 దాటి 30 నడిచింది. విలువ మళ్ళీ సగమే, ముందు మైనస్. మీవాడికి కోచింగ్‌లో రిఫరెన్స్ యాంగిల్ అని చెప్పేది అచ్చంగా ఇదే. గతం, గమ్యం అంటే ఇంకా తేలిగ్గా పట్టుబడుతుందని నా అభిప్రాయం.

మరో సభ్యుడు: మరి ప్లస్సు, మైనస్సుల సంగతో? మాకు ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ అని బట్టీ పట్టించారు, అంటే మొదటి పాదంలో అన్నీ ప్లస్, రెండులో సైన్, మూడులో టాన్, నాలుగులో కాస్ మాత్రమే ప్లస్ అని.

జవాబు: మార్కులకి అది చాలు. కారణం కావాలంటే మన విశాఖలో జగదాంబ జంక్షన్‌ని మూలబిందువు అనుకోండి, తూర్పు ఎక్స్, ఉత్తరం వై. రుషికొండ మొదటి పాదం, సింహాచలం రెండు, గాజువాక మూడు. నాలుగో పాదంలో కాస్త నేల, మిగతాదంతా సముద్రమే! ఇప్పుడు సింహాచలం వైపు (−3, 4) దగ్గర చుక్క పెట్టండి. మూలబిందువు నుంచి దూరం 5. సైన్ (వై బై దూరం) 4/5, కాస్ (ఎక్స్ బై దూరం) −3/5, టాన్ (వై బై ఎక్స్) −4/3. దూరం ఎప్పుడూ ధనమే కదా, అందుకని సైన్‌కి వై గుర్తు, కాస్‌కి ఎక్స్ గుర్తు వస్తాయి. టీ కప్పులతో పనేముంది?

ప్రశ్న అడిగినావిడ: చుక్క సరిగ్గా వై అక్షం మీదే పడితే ఏ పాదం అంటున్నాడండీ మావాడు.

జవాబు: ఏ పాదమూ కాదు. అక్కడ ఎక్స్ సున్నా, కాబట్టి టాన్‌కి విలువే లేదు. వాడు మంచి ప్రశ్నే వేశాడు.